పంపింగ్ తగ్గిన గుండెకు బీటా బ్లాకర్: చిన్న డోసుతో మొదలుపెట్టి పూర్తి డోసు దాకా

ఎకో రిపోర్టులో ఈఎఫ్ (ఒక్కో దెబ్బకు గుండె గదిలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందన్న లెక్క) 40 లేదా అంతకు తక్కువ ఉంటే "గుండె కండరం బలహీనపడింది, పంపింగ్ తక్కువగా ఉంది" అంటారు. అప్పుడు రాసే మందుల్లో బీటా బ్లాకర్ తప్పకుండా ఉంటుంది. చీటీ మీద బైసోప్రొలాల్ అనో, కార్వెడిలాల్ అనో, మెటోప్రొలాల్ సక్సినేట్ అనో కనిపిస్తుంది. మెడికల్ షాపులో అడిగితే "అది బీపీ మాత్రండీ" అంటారు. ఇంటికొచ్చి బీపీ చూసుకుంటే 110 ఉంటుంది. బీపీయే లేని మనిషికి బీపీ మాత్ర ఎందుకని ఎవరో ఒకరు ఆపించేస్తారు. ఈ చికిత్స దారి తప్పే మొదటి చోటు అదే. రెండోది బయటికి కనపడదు గానీ నష్టం అంతకంటే ఎక్కువ: మొదట ఇచ్చిన చిన్న డోసునే ఏళ్ల తరబడి మింగుతూ ఉండిపోవడం. మందు పేరు సరే, రోజూ వేసుకుంటున్నారు సరే, చేయాల్సిన పని చేసేంత మోతాదే లోపలికి పోవడం లేదు.

డోసు పెంచేదీ తగ్గించేదీ డాక్టరే. కానీ ఆయన ఆ నిర్ణయం తీసుకోవడానికి కావలసిన లెక్కలు ఇంట్లోనే పుడతాయి. బరువు, నాడి, బీపీ, ఆయాసం ఎంతుందన్నది ఇంటి మనుషులకే తెలుస్తుంది.

ఈ మందు ఎందుకు

గుండె బలహీనపడితే ఒంటికి రక్తం చాలదు. ఒళ్ళు దాన్ని ఆపదగా తీసుకుని అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ వదులుతూనే ఉంటుంది. అవి గుండె కణాల మీది బీటా గ్రాహకాలను (రిసెప్టర్లను) పట్టుకుని, ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా కొట్టమని తరుముతాయి. ఒక పూటకైతే అది ప్రాణం కాపాడుతుంది. నెలల తరబడి అలాగే తరిమితే కణాలు చచ్చిపోతాయి, గుండె గది సాగి పెద్దదవుతుంది, లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం పెరుగుతుంది. బీటా బ్లాకర్ ఆ గ్రాహకాలకు అడ్డుపడుతుంది.

మెలిక ఇక్కడే ఉంది. అడ్డుపడిన మొదటి రోజుల్లో గుండె బలం కాస్త తగ్గుతుంది. మేలు కనిపించేది మూడు నుంచి ఆరు నెలలకు. అందుకే ఒకప్పుడు హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె పంపింగ్ చాలని జబ్బు, ఉన్నవాళ్ళకు ఈ మందు ఇవ్వకూడదనే వైద్యశాస్త్రం చెప్పేది. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో వాగ్‌స్టీన్ బృందం కండరం దెబ్బతిన్న ఏడుగురికి ఇచ్చి, వాళ్ళు మెరుగుపడ్డారని ప్రచురించింది. చాలామంది నమ్మలేదు. 1999లో బైసోప్రొలాల్ మీద సిబిస్-2, మెటోప్రొలాల్ సక్సినేట్ మీద మెరిట్-హెచ్‌ఎఫ్, 2001లో కార్వెడిలాల్ మీద కోపర్నికస్ పరీక్షల ఫలితాలు వచ్చాక వాదన ముగిసింది. మూడింటిలోనూ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి.

ఆ ఫలితాలు ఆ మూడు మందులవే. ఊళ్ళలో బీపీకి ఎక్కువగా వాడే అటెనొలాల్‌కు గానీ, తలనొప్పికీ దడకూ ఇచ్చే ప్రొప్రనొలాల్‌కు గానీ ఈ జబ్బులో అలాంటి రుజువు లేదు. పాత చీటీలో అటెనొలాల్ ఉండి, కొత్తగా ఈఎఫ్ తక్కువని తేలితే, మందు మార్చాలా అని డాక్టరును అడగండి. మెటోప్రొలాల్ దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. అందులో టార్ట్రేట్, సక్సినేట్ అని రెండు రకాలు దొరుకుతాయి. హార్ట్ ఫెయిల్యూర్‌లో రుజువున్నది సక్సినేట్‌కే. అది రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే రకం, పేరు చివర ఎక్స్‌ఎల్, ఎక్స్‌ఆర్ లాంటి అక్షరాలుంటాయి. షాపులో "అదే మందు, కంపెనీ వేరు" అని ఇచ్చినప్పుడు స్ట్రిప్పు వెనక ఆ సక్సినేట్ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ఈ మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. మధ్యలో గీత ఉంటే గీత మీద విరవచ్చు.

మొదటి అడుగు: మొదలుపెట్టే ముందు

ఒంట్లో నీరు నిండి ఉన్నప్పుడు ఈ మందు మొదలుపెట్టకూడదు. మిగతావి మరిచిపోయినా ఈ ఒక్కటీ గుర్తుండాలి. కాళ్ళ మీద వేలితో నొక్కితే గుంట పడుతుంటే, పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవలసి వస్తుంటే, నీరు ఇంకా దిగలేదన్నమాట. ముందు లాసిక్స్, డైటార్ లాంటి నీటి మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో నీరు దించి, బరువు రెండు మూడు రోజులు ఒకేచోట నిలిచాక బీటా బ్లాకర్ మొదలవుతుంది. అప్పటి బరువే మీ "పొడి బరువు". డిశ్చార్జి కాగితం మీద ఆ అంకె రాయించుకోండి. రాబోయే నెలలన్నిటికీ కొలబద్ద అదే.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సినవి కొన్నున్నాయి. ఉబ్బసం ఉంటే చెప్పాలి. నిజమైన ఉబ్బసంలో ఈ మందులు, ముఖ్యంగా కార్వెడిలాల్, ఊపిరి గొట్టాలను బిగించేస్తాయి. పొగ తాగేవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ వేరు, అందులో బైసోప్రొలాల్, మెటోప్రొలాల్ సాధారణంగా వాడవచ్చు. చిక్కేమిటంటే, గుండె నీటి వల్ల వచ్చిన ఆయాసానికి కూడా ఊళ్ళో ఎవరో "ఉబ్బసం" అని పేరు పెట్టి ఇన్‌హేలర్ ఇచ్చి ఉంటారు. అనుమానముంటే ఊపిరితిత్తుల ఊదుడు పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, తేల్చేస్తుంది. గుండెలో కరెంటు దారి అడ్డుపడిన హార్ట్ బ్లాక్ ఉండి పేస్‌మేకర్ లేకపోయినా ఈ మందు పనికిరాదు, అది ఈసీజీలో తెలుస్తుంది.

కంటి చుక్కల సంగతి దాదాపు అందరూ మరిచిపోతారు. నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు కూడా బీటా బ్లాకరే. కంట్లోంచి రక్తంలోకి వెళ్ళి నాడిని తగ్గిస్తాయి.

ఇంట్లో ఉండాల్సినవి మూడే: బరువు చూసే యంత్రం, చేతికి కట్టే డిజిటల్ బీపీ యంత్రం, ఒక నోటుబుక్కు.

రెండో అడుగు: మొదటి మాత్ర

మొదటి డోసు చూస్తే పిల్లల మందులా అనిపిస్తుంది. కార్వెడిలాల్ 3.125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు. బైసోప్రొలాల్ 1.25 మి.గ్రా. రోజుకు ఒక్కసారి. మెటోప్రొలాల్ సక్సినేట్ 12.5 లేదా 25 మి.గ్రా. రోజుకు ఒక్కసారి. బీపీకి వాడే డోసుతో పోలిస్తే ఇవి చాలా తక్కువ, కావాలనే తక్కువ. "ఇంత చిన్నదా" అని రెండు కలిపి వేసుకుంటే వారంలోపే ఆయాసంతో ఆసుపత్రికి పోవాల్సి రావచ్చు.

కార్వెడిలాల్‌ను అన్నంతోనో టిఫిన్‌తోనో వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే మందు ఒక్కసారిగా ఎక్కి, లేచి నిలబడగానే తల తిరుగుతుంది. మిగతా రెండింటికి ఆ నియమం లేదు. రోజూ ఒకే వేళకు వేసుకుంటే చాలు.

మొదటి రెండు నుంచి నాలుగు వారాలు ఒళ్ళు బరువుగా, నీరసంగా ఉండవచ్చు. మెట్లెక్కితే ముందుకంటే కాస్త త్వరగా అలసిపోవచ్చు. చేతులు చల్లబడవచ్చు. మందు పడలేదని దీని అర్థం కాదు. ఈ మాట ముందే చెప్పి పంపితే సగం మంది మానేయరు. చెప్పకపోతే పదో రోజున "ఈ మాత్ర వేసుకున్నప్పటి నుంచే బాగలేదు" అని పక్కన పెట్టేస్తారు.

మూడో అడుగు: రోజూ పొద్దున పది నిమిషాల పని

లేచి, ఒంటికి వెళ్ళొచ్చి, కాఫీ కూడా తాగక ముందు బరువు చూడండి. రోజూ ఒకే యంత్రం, గట్టి నేల మీద, దాదాపు ఒకేలాంటి బట్టలు. ఒక్క రోజులో కిలో కంటే ఎక్కువ, లేదా మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, నీరు. ఆ రోజే ఫోన్ చేయాలి. కాళ్ళ వాపు కంటికి కనపడేసరికి రెండు మూడు కిలోల నీరు చేరిపోయి ఉంటుంది, కాబట్టి వాపు కోసం ఎదురుచూడకండి.

తరువాత ఐదు నిమిషాలు కూర్చుని నాడి చూడండి. బొటనవేలి వైపు మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించి నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం లయ తప్పే గుండె దగ్గర పనికిరాదు. కరోనా నాడు కొన్న వేలి ఆక్సీమీటర్ కూడా నాడి చూపిస్తుంది గానీ, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే నాడి లయ లేకుండా కొట్టుకునే జబ్బు, ఉన్నవాళ్ళలో తప్పు చూపవచ్చు. నాడి 55, 58 ఉందని కంగారు పడక్కర్లేదు, మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. 50 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలి. దానితోపాటు కళ్ళు బైర్లు కమ్మినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయాలి.

బీపీ కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటి నుంచి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి. పై అంకె 95 ఉన్నా తల తిరగకుండా హాయిగా తిరుగుతుంటే మందు మార్చాల్సిన పని లేదు. అంకెను చూసి మందు ఆపేది కాదు, మనిషిని చూసి.

నాలుగో అడుగు: డోసు పెంచడం

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పరీక్షల్లో ఆ మేలంతా పెద్ద డోసుల వైపు తీసుకెళ్ళిన రోగుల్లో వచ్చింది. అందుకే గురిపెట్టాల్సిన డోసులు ఇవి: కార్వెడిలాల్ 25 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 85 కిలోలు దాటినవాళ్ళకు 50 మి.గ్రా. రెండుసార్లు. బైసోప్రొలాల్ 10 మి.గ్రా. ఒక్కసారి. మెటోప్రొలాల్ సక్సినేట్ 200 మి.గ్రా. ఒక్కసారి.

పద్ధతి సులువు. రెండు వారాలకు తక్కువ కాకుండా ఆగి, అన్నీ బాగుంటే రెట్టింపు. కార్వెడిలాల్ అయితే 3.125 నుంచి 6.25, 12.5, 25. బైసోప్రొలాల్‌కు మధ్యలో ఇంకా చిన్న మెట్లున్నాయి: 1.25, 2.5, 3.75, 5, 7.5, 10. పెంచే రోజున చూసేవి నాలుగు: బరువు పొడి బరువు దగ్గరే ఉందా, నాడి 50 పైన ఉందా, నిలబడితే తల తిరగడం లేదా, ఆయాసం పెరగలేదా. నాలుగూ సరిగా ఉంటే పెంచడానికి అడ్డేమీ లేదు. ఒకటి సరిగా లేకపోతే ఆ డోసులోనే ఇంకో రెండు వారాలు. పూర్తి డోసు అందరికీ పడదు. సగానికి చేరి అక్కడ ఆగినా, మొదటి మాత్ర దగ్గరే ఉండిపోవడం కంటే ఎంతో నయం. 2022లో వచ్చిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ పరీక్షలో డిశ్చార్జి అయిన రెండు వారాల్లోనే పూర్తి డోసులకు తీసుకెళ్ళి మంచి ఫలితం చూపించారు. అయితే ఆ రోగులను మళ్ళీ మళ్ళీ పిలిపించి పరీక్షించారు. ఆ నిఘా లేని చోట ఆ వేగం పనికిరాదు.

చిత్తూరు వైపు వాళ్ళకు అసలు చిక్కు దూరం. జబ్బు తేలేది తిరుపతి స్విమ్స్‌లోనో, రుయా ఆసుపత్రిలోనో, వేలూరు సీఎంసీలోనో. తరువాతి చూపు మూడు నెలలకు రమ్మంటారు. పుంగనూరు నుంచో కుప్పం నుంచో రెండు వారాలకోసారి అంత దూరం ఎవరు పోగలరు? దీనికి విరుగుడు డిశ్చార్జి రోజునే అడగడం: "మధ్యలో డోసు మా ఊరి డాక్టరు పెంచవచ్చా? ఏ తేదీకి ఎంత అని రాసివ్వండి." ఆ కాగితం పట్టుకుని దగ్గరి ఎండీ డాక్టరు దగ్గరికో, ప్రభుత్వాసుపత్రికో వెళితే పని జరిగిపోతుంది. కాగితం లేకపోతే ఏ డాక్టరూ పైవాళ్ళు రాసిన మందును కదిలించడానికి సాహసించరు, మూడు నెలలూ అదే డోసులో గడిచిపోతాయి.

రెండు ఊళ్ళలో చూపించుకునేవాళ్ళకు ఇంకో గండం ఉంది. వేలూరులో ఒక కంపెనీ పేరుతో, తిరుపతిలో ఇంకో కంపెనీ పేరుతో ఒకే మందు రెండు చీటీల్లో ఉంటుంది, లేదా రెండు వేర్వేరు బీటా బ్లాకర్లుంటాయి. మనిషి రెండూ మింగుతాడు, నాడి నలభైకి పడిపోతుంది. స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల కంపెనీ పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి. "లాల్" అని ముగిసేవి రెండుంటే రెండో మాత్ర వేసుకోకముందే అడగాలి.

ఏదైనా తేడా వస్తే

బరువు పెరిగి ఆయాసం ఎక్కువైతే బీటా బ్లాకర్‌ను నిందించే ముందు నీటి మాత్ర పెంచి చూస్తారు. దానితో దిగితే బీటా బ్లాకర్ డోసు అలాగే ఉంచుతారు. దిగకపోతే సగానికి తగ్గిస్తారు. పూర్తిగా ఆపడం చివరి మాట.

తల తిరుగుతుంటే ముందు వేరే మందులను అనుమానించాలి. చీటీలో ఆమ్లోడిపిన్, ప్రాజోసిన్ లాంటి ఉత్త బీపీ మందులుంటే వాటివల్ల బలహీన గుండెకు ఒరిగేదేమీ లేదు, డాక్టరు వాటిని తీసేసి ఆ బీపీ జాగాను గుండె మందులకు మిగులుస్తారు. నీరు మరీ ఎక్కువగా దిగిపోయి ఒళ్ళు ఎండిపోయినా తల తిరుగుతుంది, అప్పుడు తగ్గించాల్సింది నీటి మాత్ర. మాత్రలన్నీ పొద్దున్నే గుప్పెడు మింగకుండా రెండు మూడు వేళలకు సర్దినా చాలాసార్లు సరిపోతుంది.

నాడి మరీ తగ్గితే, నాడిని తగ్గించే వేరే మందులు డిగాక్సిన్, అమియోడరోన్, ఐవాబ్రడిన్ ఉన్నాయేమో చూస్తారు. బీపీకీ దడకూ ఇచ్చే వెరాపమిల్, డిల్టియాజెమ్ అయితే ఈఎఫ్ తగ్గినవాళ్ళకు అసలు ఉండకూడనివి.

మగవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా మందు మానేయడానికి ఒక కారణం పడకగది ఇబ్బంది. మొహమాటం లేకుండా అడగండి, దారులున్నాయి. సొంతంగా వయాగ్రా లాంటివి కొనకండి. సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్ర వాడే మనిషికి ఆ రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పడిపోతుంది.

ఏ కారణంతోనైనా ఒక్కసారిగా ఆపకూడదు. ఇన్నాళ్ళు మూసి ఉన్న గ్రాహకాల మీద అడ్రినలిన్ ఒక్కసారిగా విరుచుకుపడి దడ, ఛాతీనొప్పి, కొందరికి గుండెపోటు కూడా రావచ్చు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తరువాతి వేళ దగ్గరపడితే వదిలేయండి, రెండు కలిపి మాత్రం వద్దు. కొన్ని రోజులు మానేసి ఉంటే పాత డోసుతో మళ్ళీ అందుకోకుండా డాక్టరును అడగాలి. కార్వెడిలాల్ రెండు వారాలు దాటి ఆగితే మళ్ళీ 3.125 నుంచే ఎక్కాలి.

నీరు పట్టి ఆసుపత్రిలో చేరినా, బీపీ పడిపోయి షాకులో ఉంటే తప్ప, బీటా బ్లాకర్‌ను సాధారణంగా కొనసాగిస్తారు, అవసరమైతే తగ్గిస్తారు. డిశ్చార్జి చీటీలో అది కనపడకపోతే "ఆపారా, మరిచారా" అని అడగండి. పన్ను పీకించుకునేటప్పుడు, ఆపరేషన్‌కు ముందు, ఈ మందు వాడుతున్నట్టు చెప్పాలి. పాము కాటుకు విరుగుడు మందు ఎక్కించేటప్పుడు కూడా చెప్పాలి. దానివల్ల ఎలర్జీ వస్తే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఈ మందు ఒంట్లో ఉంటే మామూలుగా పనిచేయకపోవచ్చు, డాక్టరు దానికి సిద్ధపడి ఉండాలి.

పెరటాసి, కొండ, ఎండలు

పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఇక్కడ ఎంతోమంది. కార్వెడిలాల్ వాడేవాళ్ళు పొద్దున ఖాళీ కడుపున మాత్ర మింగి పూజకు నిలబడితే తూలి పడతారు. షుగరు ఉండి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో, ఇన్సులినో వాడేవాళ్ళకు ఇంకా ప్రమాదం. షుగరు పడిపోతే మామూలుగా గుండె దడ, చేతుల వణుకు వచ్చి హెచ్చరిస్తాయి. బీటా బ్లాకర్ ఆ రెండింటినీ కప్పేస్తుంది. చెమట పట్టడం ఒక్కటే మిగులుతుంది. ఒక్కపొద్దు రోజున ఒళ్ళంతా చెమటపట్టి మాట తడబడితే వెంటనే చక్కెర నీళ్ళు ఇవ్వాలి. మా సలహా అడిగితే ఈఎఫ్ తక్కువై, షుగరు కూడా ఉన్నవాళ్ళు ఉపవాసం మానుకోవడమే మంచిది. సంగటి తినండి, అభ్యంతరం లేదు. దాని పక్కన ఊరగాయ, అప్పడం పెట్టుకోకండి. ఉప్పు తగ్గించాలని "లో సోడియం ఉప్పు" కొనేవాళ్ళు ఆగాలి: అందులో పొటాషియం ఉంటుంది, ఒంట్లో పొటాషియంను నిలిపేసే స్పైరోనొలాక్టోన్ అనే గుండె మందు వాడేవాళ్ళకు అది ప్రమాదం.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. గుండె జబ్బున్నవాళ్ళు నడిచి రావద్దని టీటీడీయే చెబుతోంది. డోసు పెంచుతున్న నెలల్లో నడక మొక్కు వాయిదా వేసి బస్సులో వెళ్ళండి. క్యూలో గంటల తరబడి ఉండాల్సి వస్తుంది కాబట్టి రాత్రి మాత్రలు, బిస్కెట్లు జేబులో ఉండాలి. ఒంటికి వెళ్ళాల్సి వస్తుందని నీటి మాత్ర మానేయడం ఎక్కువమంది చేసే పని, రెండో రోజుకు ఆయాసం వస్తుంది. వేళ మార్చుకోవచ్చేమో డాక్టరును అడగండి గానీ మానకండి. కొండమీద ఆయాసం వస్తే అశ్విని ఆసుపత్రి ఉంది.

మే నెల ఎండల్లో చెమటకు నీరు పోతుంది, బీపీ దిగుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే ఫోన్ చేసి నీటి మాత్ర తగ్గించాలేమో కనుక్కోండి. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ గానీ, షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్ గానీ ఒంట్లో నీటిని నిలబెట్టి, కిడ్నీని దెబ్బతీసి నెలల శ్రమను వారంలో చెడగొడతాయి. నొప్పికి పారాసిటమాల్ మేలు.

మళ్ళీ ఎకో ఎప్పుడు

బీటా బ్లాకర్ ఒక్కటే ఈ జబ్బును మోయదు. శాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ లేదా రామిప్రిల్ లాంటిది, స్పైరోనొలాక్టోన్ లేదా ఎప్లెరినోన్, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా ఉండాలి. చీటీలో ఈ నాలుగు రకాల్లో ఏదైనా లేకపోతే ఎందుకు లేదో అడగండి, కారణం ఉండవచ్చు, మరుపు కూడా కావచ్చు. అన్నీ తట్టుకోగలిగినంత డోసుకు చేరి మూడు నెలలు గడిచాక ఎకో తీయించాలి, అంతకుముందు తీస్తే డబ్బు దండగ. వీలైతే మొదట తీసిన చోటే తీయించండి. చూసే మనిషి మారితే ఈఎఫ్ నాలుగైదు అంకెలు అటూ ఇటూ అవుతుంది, అది మెరుగూ కాదు, తరుగూ కాదు. అప్పటికీ 35 దాటకపోతే, ప్రాణాంతకంగా లయ తప్పినప్పుడు షాకిచ్చి సరిచేసే ఐసీడీ అనే పరికరం పెట్టాలా అన్న చర్చ మొదలవుతుంది. లయ మామూలుగా ఉండి, బీటా బ్లాకర్ ఇంక పెంచలేని స్థితిలో నాడి 70 పైన ఉంటే ఐవాబ్రడిన్ కలపవచ్చు.

కొందరికి ఈఎఫ్ 25 నుంచి 50కి వస్తుంది. ఆ రిపోర్టు చేతికొచ్చిన రోజే "ఇంక మాత్రలు ఆపేద్దామా" అన్న ప్రశ్న వస్తుంది. కండరం సాగిన జబ్బు నుంచి ఇలా కోలుకున్నవాళ్ళలో మందులు ఆపి చూసిన ట్రెడ్-హెచ్‌ఎఫ్ అధ్యయనం 2019లో ప్రచురితమైంది. ఆపినవాళ్ళలో దాదాపు 40 శాతం మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. కాబట్టి ఈఎఫ్ 50కి వచ్చినా మాత్ర అదే, డోసూ అదే.